అరకు లేని అరకు భోజనం

కొండ మీది విడిదిలో భోజనం ఎక్కడ చెయ్యాలన్న ప్రశ్నకు యాత్రారచనలు చేసేవారంతా ఒకే సమాధానం ఇస్తూ వచ్చారు: "దిగిన హోటల్లోనే తినండి, బయట ఏమీ దొరకదు." ఈ వాక్యాన్ని నేను పాతికేళ్ళుగా చదువుతున్నాను. ఒకటి రెండు సందర్భాల్లో నేనే రాశాను కూడా. అందుచేత ఈ టపాలో నేను వేసుకోబోయే తగవు ఇతరులతో ఎంతో నాతోనూ అంతే. చదివే మిత్రులు దీన్ని హోటలు మీద ఫిర్యాదుగా తీసుకోవద్దు. ఆ హోటలు పేరు ఎలాగూ చెప్పను. అలాటివి అరకులో ఒకటి కాదు, పేరు చెబితే మిగిలినవాటికి అన్యాయంగా మంచిపేరు వస్తుంది.

కిందటి కార్తీకంలో మా అమ్మను తీసుకుని అరకు వెళ్ళాను. విశాఖపట్నం నుంచి కిరండూలు పోయే రైల్లో ప్రయాణం. ఒక సొరంగం దాటి వెలుతురు చూసేలోగా మరో సొరంగం వస్తుంది, ఆవిడ ప్రతిసారీ పసిపిల్లలా నవ్వుతుంది. ఆవిడ విజయనగరం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మధుమేహం వచ్చి పదిహేనేళ్ళయింది. పొద్దున్నే ఒక గ్లాసు చోడి అంబలి తాగకపోతే ఆవిడకు రోజు మొదలవదు. రాగులని మనం పుస్తకాల్లో రాసుకునేవాటినే ఉత్తరాంధ్రలో చోళ్ళంటారు. అరకు వెళుతూ ఇంటినుంచి చోడిపిండి మోసుకుపోవడం అంటే సముద్రానికి ఉప్పు మోసినట్టే కదా అనుకుని, ఆవిడ సర్దిన పొట్లాన్ని నేనే తీసి అల్మారాలో పెట్టేశాను. ఆ పొట్లం సంగతి గుర్తుంచుకోండి.

భోజనశాలకు మూడు పక్కలా గాజు కిటికీలున్నాయి. కిటికీ అవతల వాలులో చోడి చేను కోతకొచ్చి వెన్నులు ముడుచుకుని ఉంది. దానికి పైన వలిసె చేను, కంటికి ఆనినంత మేరా పసుపే. కిటికీకి ఇవతల, తెల్లగుడ్డ పరిచిన బల్లమీద మూతలు మెరుస్తున్న గంగాళాల్లో జీరా రైసు, పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా, హక్కా నూడుల్సు, రాజ్మా మసాలా, పెరుగన్నం, గులాబ్ జామ్. వరసగా చూసుకుంటూ పోయాను. కిటికీలోంచి కనబడేదేదీ బల్లమీద లేదు. రాజ్మా దగ్గర మాత్రం నా ప్రాణం కొంచెం లేచివచ్చింది. చింతపల్లి, పాడేరు వైపు కొండల్లో రాజ్మా బాగా పండుతుంది, మైదానంలో మన రైతులకు అంతగా అలవడని పంట అది. కనీసం ఇదైనా ఇక్కడిదే అయివుంటుందని వడ్డించే ఆయన్ని అడిగాను. ఆయన ఎంతో గర్వంగా, "లేద్సార్, మాకు సరుకంతా వైజాగు నుంచే వస్తాది. లోకల్ది వాడం" అన్నాడు.

ఎంత చక్కటి మాట! ఈ కొండమీద పండిన గింజ సంతలో చేతులు మారి, లారీ ఎక్కి, ఘాటు దిగి, గోదాములో నిద్రచేసి, సంచీ మీద ఎవరిదో బొమ్మ వేయించుకుని, మళ్ళీ ఘాటెక్కి నూటపదిహేను కిలోమీటర్లు వెనక్కి వస్తే గాని దాన్ని కొండమీది బల్లమీద కూర్చోనివ్వరన్నమాట. లేదా అది ఏ మరో రాష్ట్రపు గింజో కూడా కావచ్చు. ఏదయినా ఆ మాటలో 'లోకల్ది వాడం' అన్న భాగం నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన దాన్ని దోషంగా చెప్పలేదు. నాణ్యతకు హామీగా చెప్పాడు. అలా చెప్పమని ఆయనకు నేర్పింది మనమే.

మర్నాడు పొద్దున్న అంబలి అడిగాను. లేదన్నారు. చోడిపిండి కొని తెస్తే కాచి ఇస్తారా అంటే, బయటి సరుకు వంటింట్లోకి రానివ్వడం నియమాలకు విరుద్ధమన్నారు. సరిగ్గా ఆ మాట చెబుతున్న మనిషి వెనక గోడమీదే 2023 నాటి ప్రకటన చిత్రం ఒకటి వేలాడుతోంది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని భారతదేశపు ప్రతిపాదన మీద చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన సంగతి మనందరికీ తెలుసు. ఏడాది ముగిసినా చిత్రం మిగిలింది. ధాన్యం మాత్రం గోడమీంచి పళ్ళెంలోకి దిగలేదు. ఇడ్లీ, పూరీ, రొట్టెముక్కలూ జామూ ఉన్నాయి. మా అమ్మ రెండు ఇడ్లీలు తిని ఊరుకుంది. ఆవిడ అలా మాట్లాడకుండా ఊరుకుంటే నాకు భయం.

గది శుభ్రం చేసే కుర్రవాడొకడు ఈ సంభాషణ విన్నట్టున్నాడు. పది గంటలకి తలుపు తట్టి, "మామ్మగారూ, ఇది మా ఇంటి కాడిది. రాత్రి కాసింది, పులిసింది. తాగుతారా?" అని స్టీలు క్యారేజీలో ఒక గిన్నె తీసి ఇచ్చాడు. అది అతని మధ్యాహ్నపు తిండి. ఆవిడ "నీకో నాయనా?" అంటే, "నాకు అన్నం ఉంది" అన్నాడు. ఉందో లేదో నేను చూడలేదు. అంబలిలో ఉల్లిపాయముక్కలు, ఉప్పు, పక్కన ఒక పచ్చిమిరపకాయ. ఆవిడ సగం తాగి సగం నాకిచ్చింది. అరకులో నేను తిన్న మొదటి అరకు భోజనం అది. డబ్బు పెట్టబోతే అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

ఇక కాఫీ. కాఫీ గురించి రాయకుండా అరకు గురించి రాయడం కుదరదు. ఈ కొండల వాలుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే మిరియపు తీగలు అల్లుకోగా, గిరిజన రైతులు చిన్న చిన్న కమతాల్లో కాఫీ పండిస్తారు. కార్తీకం నాటికి కాయ ఎర్రబడి కోత మొదలవుతుంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, అరకు పేరుతో పారిస్ నగరంలో దుకాణం తెరిచారు. 2023లో ఢిల్లీకి వచ్చిన జి-20 దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో ఈ కాఫీ ఉంది. అలాంటి కాఫీ తోటల నడుమనున్న హోటల్లో "కాఫీ కావాలి" అంటే ఏం తెచ్చిచ్చారో చెప్పుకోండి. ప్లాస్టిక్కు గొట్టంలోంచి చుయ్యిమంటూ పడే యంత్రపు కాఫీ! పంచదార ముందే కలిపినది! మధుమేహం ఉన్న మనిషికి ఎలా అంటే, గదిలో కెటిలుందనీ, పొడి పొట్లాలున్నాయనీ చెప్పారు. పొట్లం మీది పేరు అరకుది కాదు, ఆ పేరు మనకందరికీ చిన్నప్పటినుంచీ తెలిసినదే. పోనీ గింజలైనా ఉన్నాయా అంటే ఉన్నాయి. కింద జ్ఞాపికలు అమ్మే బీరువాలో, వెదురు బుట్టలకూ థింసా నాట్యగత్తెల బొమ్మలకూ మధ్య, రిబ్బను కట్టి ఉన్నాయి. ఇంటికి మోసుకుపోవడానికి, చుట్టాలకు పంచడానికి అరకు కాఫీ పనికివస్తుంది. అరకులో తాగడానికే పనికిరాదు.

ఈ విషయాలు ఇద్దరు ముగ్గురు మిత్రులతో అన్నప్పుడు వచ్చిన జవాబులు మీకూ తడుతూ ఉంటాయి కాబట్టి వాటి సంగతి చూద్దాం.

"వచ్చేవాళ్ళు అడిగేదే కదా హోటలువాళ్ళు పెడతారు" అన్నది మొదటిది. వినడానికి న్యాయంగా ఉంటుంది. కాని, అడగడానికి ముందు ఉన్నదేదో తెలియాలి కదా. మెనూ అట్టలో 'సామబియ్యం అన్నం' అన్న మాట ఒక్కసారి కూడా కనబడనప్పుడు, యాత్రికుడు పనీరు అడిగాడంటే అది కోరిక ఎలా అవుతుంది? దిక్కులేక చేసిన ఎన్నిక అవుతుంది. పైగా ఇదే యాత్రికుడు మాడుగుల మీదుగా కొండెక్కితే దారిలో కారాపి మాడుగుల హల్వా అడిగి మరీ కట్టించుకుంటాడు. ఫలానా ఊళ్ళో ఫలానాది తినాలని అతనికి తెలిసింది గనక అడిగాడు. ఆ తెలియజేయడం హల్వా కొట్లవాళ్ళు చేసుకున్నారు. సామలకూ కొర్రలకూ చేసేవాళ్ళు లేరు. చేయవలసిన చోట గోబీ మంచూరియా కూర్చుంది. గోబీ మంచూరియా మీద నాకు ద్వేషం లేదని మనవి. అది పుట్టిన చోట అది ఉండాలి. ఎక్కడ పుట్టిందో ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

రెండో జవాబు శుభ్రత. "వాళ్ళ ఇళ్ళలో, సంతల్లో తింటే రోగాలొస్తాయండీ." ఈ మాటలో 'వాళ్ళ' అన్న పదం ఉంది చూశారూ, అసలు సంగతంతా అందులో ఉంది. తెల్లవారి వండిన బియ్యపు పదార్థాన్ని మధ్యాహ్నం మూడు దాకా గోరువెచ్చగా మూతపెట్టి ఉంచడం కన్నా, నిప్పుమీంచి దించిన చోడి సంకటి ఏ విధంగా అపాయకరమో వైద్యులెవరైనా చెబితే వింటాను. నీళ్ళ విషయంలో జాగ్రత్త పడమంటే ఒప్పుకుంటాను, నేనూ పడతాను. కాని మనం నీళ్ళను కాక మనుషుల్ని అనుమానిస్తున్నాం. అడ్డాకు విస్తరి చూసి ముఖం ముడుచుకునే మనిషి, అదే అడ్డాకు విస్తరిని హైదరాబాదులో పర్యావరణహితం పేరిట అయిదింతలు పెట్టి కొంటాడు. ఇది కళ్ళారా చూసి చెబుతున్నాను.

మూడోది అందరికన్నా తెలివైన జవాబు: "మరి బొంగులో చికెన్ ఉందిగా! అది గిరిజనుల వంటే కదా!"

బొంగులో చికెన్ గురించి కొంచెం నిదానించి మాట్లాడాలి. అనంతగిరి దారిలో, బొర్రా గుహలకు తిరిగే మలుపుల దగ్గర మీరు చూసే ఉంటారు. పచ్చి వెదురు బొంగును కణుపు అడుగున ఉండేట్టు కోస్తారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిమాంసాన్ని అందులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. పచ్చి బొంగులోని చెమ్మే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. అందుకే ఎండు బొంగు పనికిరాదు, ఒకసారి కాల్చిన బొంగు మళ్ళీ పనికిరాదు. అద్భుతమైన వంట, సందేహం లేదు. నేను లొట్టలేసుకుంటూ తిన్నాను. ఆ బండ్ల మీద బతుకుతున్నవారిని ఒక్కమాట అనను. అటవీ హక్కుల చట్టం 2006లో వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. ఆ బొంగు మీద మొదటి హక్కు వాళ్ళదే.

నా తగవు ఆ వంటతో కాదు, ఆ వంటకు మనం అంటించిన అర్థంతో. బండి దగ్గర బొంగులు తిప్పుతున్న ఆవిణ్ణి, "ఇంట్లో కూడా ఇలాగే వండుకుంటారా అమ్మా?" అని అడిగాను. ఆవిడ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసి, "రోజూ కోడెక్కణ్ణుంచి వస్తాది బాబూ? ఇంటికాడ అంబలి, పప్పు. ఇది మీకోసం" అంది. 'ఇది మీకోసం.' మనం ఒక జనసముదాయపు భోజనమంతటినీ వాళ్ళు ఏ పండుగకో పబ్బానికో చేసుకునే ఒక్క మాంసపు వంటలోకి కుదించి, ఆ బొంగుకు మూతి బిగించేశాం. దానిలోపల పడే కోడి కూడా, నేను చూసిన బండ్ల దగ్గర, నాటుకోడి కాదు, ఫారం కోడే. అడవి మనిషంటే నిప్పూ, వెదురూ, మాంసమూ అన్న బొమ్మ ఒకటి మన తలల్లో ఉంది. ఆ బొమ్మకు తగిన తిండినే మనం కొంటాం. వ్యవసాయం చేసి, విత్తనం దాచి, ఏ గింజ ఏ నెలలో తినాలో లెక్కపెట్టుకునే గృహస్థు మన బొమ్మలో ఇమడడు.

ఆ లెక్క ఎంత గట్టిదో చెప్పడానికి 'కొత్త' పండుగలు చాలు. కొత్తగా వచ్చిన మామిడిని గాని, చిక్కుడును గాని, కొర్రను గాని, ముందు దేవతకు పెట్టి, పండుగ చేసుకుని, ఆ తరవాతే నోట పెట్టుకునే ఆచారం ఈ కొండజాతుల్లో చాలామందికి ఉంది. మామిడి కొత్త, కొర్ర కొత్త అని వాటి పేర్లు. అంటే వారి భోజనానికి ఒక పంచాంగం ఉంది. మన హోటలు భోజనానికి పంచాంగం లేదు. చైత్రంలోనూ అదే పనీరు, పుష్యంలోనూ అదే పనీరు. ఇందులో ఏది నాగరికమో మీరే చెప్పండి.

వలిసెల మాట మరిచాను. కార్తీకంలో ఆ పసుపు చేల దగ్గర కార్లు బారులు తీరుతాయి. చేలోకి దిగి ఫొటో తీసుకుంటే ఇంత అని కొందరు రైతులు రుసుము కూడా తీసుకుంటున్నారు. తీసుకోవలసిందే, తొక్కిన మొక్కకు ఖరీదు ఎవరిస్తారు? అయితే అది నూనెగింజల పంట అనీ, ఆ గింజతో ఆడిన నూనె వంటకు బాగుంటుందనీ ఆ ఫొటోలు దిగేవారిలో ఎందరికి తెలుసు? మైదానంలో దాన్ని వెర్రినువ్వులన్నారు. పేరు పెట్టినవాడు ఎవడో గాని మన వైఖరి ఆ ఒక్క మాటలో పట్టేశాడు. మన ఇళ్ళలో పండేవి నువ్వులు, కొండమీద పండేవి వెర్రినువ్వులు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పక తప్పదు. అరకు షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ ప్రకారం, మనం వాడుకలో 1/70 చట్టం అని పిలిచేదాని ప్రకారం, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి వీల్లేదు. అనంతగిరి మండలంలో బొర్రా ప్రాంతపు గనుల లీజులను గురించిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ప్రభుత్వానికి కూడా ఆ నిషేధం వర్తిస్తుందని చెప్పింది. కాబట్టి ఆ లోయలో అద్దాల భోజనశాల కట్టుకున్న ఎవరైనా సరే, న్యాయదృష్టితో చూస్తే, అక్కడ అతిథులు. అతిథిగా వచ్చినవాడు గృహస్థు వేషం కట్టి, అసలు గృహస్థు వంటను వంటింటి గుమ్మం దగ్గరే ఆపి, 'బయటి సరుకు రానివ్వం' అంటున్నాడు. బయటివాడెవడు, లోపలివాడెవడు?

ఇప్పుడు నా తప్పు చెబుతాను. బయలుదేరేటప్పుడు సలహాల పుస్తకం ముందు పెట్టారు. నాకున్న దుర్గుణం మీకు తెలిసిందే, ఖాళీ కాగితం కనబడితే రాయకుండా ఉండలేను. ఒక పేజీ నిండా రాశాను. భోజనశాలలో చోడి అంబలి పెట్టడం ఎంత అవసరమో రాసి, ఊరుకోకుండా, మీ సిబ్బందిలోనే ఒక అబ్బాయి తన ఇంటి అంబలి మా అమ్మకు తెచ్చి ఇచ్చాడు, ఆ సంస్కారం మీ వంటింటికి లేకపోయిందని రాశాను. పేరు రాయలేదు. గది సంఖ్య మాత్రం, అచ్చులో అడిగిన చోట, రాశాను.

నెల తరవాత అదే హోటలుకు వెళ్ళిన మా బంధువొకరు వాకబు చేస్తే, ఆ అబ్బాయిని గదుల పనినుంచి తీసేశారనీ, అతిథులకు బయటి ఆహారం ఇచ్చాడన్నది కారణమనీ తెలిసింది. ఇప్పుడు తోటపనికి రోజుకూలీగా వస్తున్నాడట. నేను ఫోను చేసి మాట్లాడాను. ఎంతో మర్యాదగా, "మీ ఆరోగ్యం కోసమే కద్సార్ ఆ రూలు" అన్నారు. ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మా అమ్మకు ఈ సంగతి చాలారోజులు చెప్పలేదు. చెప్పిన రోజు ఆవిడ, "మెచ్చుకోలు నోటితో చేస్తే సరిపోయేది కదరా, కాగితం మీద ఎందుకూ?" అంది. ఇన్నేళ్ళుగా రాస్తున్నవాణ్ణి, నా దగ్గర దానికి సమాధానం లేదు.

"బయట ఏమీ దొరకదు" అన్న వాక్యాన్ని నేను ఇకనుంచి అబద్ధమనే అంటాను. బయట దొరికేది మన బల్లమీద పెట్టనివ్వడం లేదు, అంతే. అరకు వెళ్ళే మిత్రులు ముందుగా ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ రోజు సంతో కనుక్కోండి. సంతకు పొద్దున్నే వెళ్ళండి. పొడి కట్టిన పసుపు కాకుండా కొమ్ములు కొనండి, రాజ్మా కొనండి, బేరం ఆడకండి. హోటల్లో ప్రతిపూటా అంబలి, సామబియ్యం, ఇక్కడి గింజతో కాచిన కాఫీ అడగండి. లేదంటే లేదని చెప్పించుకోండి, మర్నాడు మళ్ళీ అడగండి. పదిమంది పదిరోజులు అడిగితే అట్టలో ఒక వరస చేరుతుందని నా ఆశ. ఎవరైనా ఇంటిది తెచ్చి పెడితే తినండి. పుస్తకంలో మాత్రం రాయకండి.

మారేడుమిల్లి, లంబసింగి వైపు ఈ మధ్య వెళ్ళినవాళ్ళెవరైనా అక్కడ ఎవరింట్లో, ఏ బడ్డీ దగ్గర ఏం తిన్నారో తెలిపితే సంతోషిస్తాను. ఈసారి చోడిపిండి పొట్లం అమ్మే సర్దుతుంది, నేను ముట్టుకోను.